తరంగంబాడి డేనిష్ రేవుగా మారిన 1620లో మిగతా లోకం ఎలా ఉండేది?

కెరటం (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. తమిళనాడు తీరంలో కారైకాల్‌కు కొంచెం ఉత్తరాన ఉన్న తరంగంబాడి ఈనాటికీ చిన్న ఊరే. ఐరోపావారి నోట ట్రాంక్విబార్‌గా మారిన ఈ ఊరు, తంజావూరు నాయకరాజు రఘునాథుడు డెన్మార్క్ వర్తకులకు 1620 నవంబరులో ఇచ్చిన అనుమతితో కోట, రేవు, ప్రహరీ ఉన్న పట్టణంగా పుట్టింది. అదే నవంబరులో మేఫ్లవర్ అనే ఓడ సుమారు వందమంది ప్రయాణికులతో అమెరికా తూర్పు తీరాన కేప్ కాడ్ దగ్గర లంగరు వేసింది. ఆ ఓడ కథ లోకమంతటికీ తెలుసు. తరంగంబాడి కథ మాత్రం మన పాఠ్యపుస్తకాలలో ఒక్క వాక్యాన్ని మించి ఎక్కడా కనిపించదు.

నేను అడగదలచింది ఇది. ఆ కోటకు పునాది పడుతున్న రోజులలో ఢిల్లీ, గోల్కొండ, చైనా, ప్రాగ్, కోపెన్‌హాగన్ వంటి చోట్ల ఏమి జరుగుతోంది? అందులో ఈ ఊరి పుట్టుకతో నిజంగా ముడిపడినది ఎంత, కేవలం ఒకే కాలంలో జరిగినది ఎంత? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

శిలాక్షరం

కెరటం గారూ, ప్రశ్న బాగుంది కానీ “పుట్టింది” అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. తరంగంబాడి ఒడ్డున మాసిలామణి నాథర్ ఆలయం ఉంది. పాండ్యరాజు మారవర్మన్ కులశేఖరుని కాలంలో, అంటే 14వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కట్టిన గుడి అది. అక్కడి శాసనంలో ఊరి పేరు సడంగన్‌పాడి అనీ, కులశేఖరన్ పట్టినం అనీ కనిపిస్తుంది. తీరంలో ఉన్న ఊరికి రాజు పేరుమీద “పట్టినం” అని పేరు పెట్టారంటే అక్కడ అప్పటికే వర్తకులు, పడవలు, సుంకాలు ఉన్నట్లే లెక్క.

కాబట్టి డెన్మార్క్ ఓడ వచ్చేనాటికి ఆ ఊరికి కనీసం మూడు వందల ఏళ్ళు. 1620లో కొత్తగా వచ్చినవి ఒక కోట, ఒక ఒప్పంద పత్రం. ఊరు పుట్టిన తేదీని కోపెన్‌హాగన్ దస్తావేజులనుంచి తీసుకోవడం మనకు ఎందుకో అలవాటైపోయింది.

కెరటం

శిలాక్షరం గారూ, మీ మాటను ఒప్పుకుంటున్నాను. చర్చ శీర్షికను “తరంగంబాడి పుట్టిన 1620లో” అన్నదాని నుంచి “డేనిష్ రేవుగా మారిన 1620లో” అని సవరించాను. మిగతా ప్రశ్న అలాగే ఉంది.

ఓడసరంగు

ముందుగా ఆ డేనులు అక్కడికి ఎలా వచ్చారో చెప్పాలి. ఎందుకంటే వారు బయలుదేరింది తరంగంబాడికి కాదు, తంజావూరికీ కాదు.

డెన్మార్క్, నార్వేల రాజు నాలుగవ క్రిస్టియన్ 1616లో ఈస్టిండియా కంపెనీకి అధికార పత్రం ఇచ్చాడు. పెట్టుబడి కూడడం కష్టమై కంపెనీ రెండేళ్ళు కాగితం మీదే ఉండిపోయింది. ఇంతలో మార్సెలిస్ బోషౌవర్ అనే డచ్చివాడు తాను సింహళ ద్వీపంలోని కండి రాజుకు దూతనని చెప్పుకుంటూ కోపెన్‌హాగన్ చేరాడు. బుడతకీచులను (పోర్చుగీసువారిని) తరిమివేయడానికి సైనిక సహాయం చేస్తే వర్తకపు హక్కులు ఇప్పిస్తానని రాజుతో ఒప్పందం రాయించుకున్నాడు. ఆ మాట నమ్మి 1618 చివరలో ఓడలు కదిలాయి. నాయకుడైన ఓవె గెడ్డెకు అప్పటికి ఇరవైనాలుగేళ్ళు కూడా నిండలేదు. ఎన్నడూ హిందూ మహాసముద్రం చూడనివాడు.

ప్రయాణానికి ఏడాదిన్నర పట్టింది. 1620 మే నెలలో సింహళం చేరేసరికి వందలమంది నావికులు దారిలోనే చనిపోయారు. బోషౌవర్ కూడా ఓడలోనే కన్నుమూశాడు. తీరా చేరాక కండి రాజు సేనరత్, తాను అటువంటి ఒప్పందానికి బద్ధుడిని కానన్నాడు. అతడు 1617లోనే బుడతకీచులతో సంధి చేసుకుని ఉన్నాడు. అంటే ఓడలు కోపెన్‌హాగన్‌లో తెరచాప ఎత్తకముందే ఆ యాత్రకు కారణం కరిగిపోయింది. ఆ సంగతి ఓడలోని వారెవరికీ తెలియదు.

ముందుగా పంపిన ఓరెసుండ్ అనే ఓడ మరో దారిన వెళ్ళింది. దానిని బుడతకీచులు కారైకాల్ దగ్గర పట్టి ధ్వంసం చేశారు. అందులోని వర్తకాధికారి రోలాండ్ క్రాపె కొద్దిమందితో ఒడ్డుకు చేరి తంజావూరు ఆస్థానంలో తలదాచుకున్నాడు. అక్కడ ఊరక కూర్చోకుండా రఘునాథునితో మాట కలిపి, వర్తకానికి అనుమతి, కోట కట్టుకోవడానికి చోటు సంపాదించాడు. సింహళంలో చేతులు కాల్చుకున్న గెడ్డె ఇటు వచ్చి ఆ ఒప్పందాన్ని పూర్తి చేశాడు. ఓడ మునిగి ఒడ్డున పడినవాడు కుదిర్చిన బేరం అది.

పాతపటం

ఓడసరంగు గారు ఓడల కథ చెప్పారు కాబట్టి నేను ఆ ఓడలను పంపిన రాజు వైపునుంచి మొదలుపెడతాను.

నాలుగవ క్రిస్టియన్‌కు అప్పుడు చేతినిండా డబ్బు ఉంది. బాల్టిక్ సముద్రంలోకి పోయే ప్రతి ఓడా ఓరెసుండ్ జలసంధిలో డెన్మార్క్‌కు సుంకం కట్టాలి. పైగా 1611 నుంచి 1613 వరకు జరిగిన యుద్ధంలో ఓడిన స్వీడన్, ఒక కోటను విడిపించుకోవడానికి పది లక్షల రిక్స్‌డాలర్ వెండి నాణేలు చెల్లించవలసి వచ్చింది. ఆ చివరి వాయిదా 1619లో ముట్టింది. ఆ డబ్బుతో ఆయన కొత్త ఊళ్ళు కట్టాడు, కోపెన్‌హాగన్‌లో వర్తకుల కోసం పెద్ద భవనం ఎత్తించాడు (2024 ఏప్రిల్‌లో అగ్నికి ఆహుతైన బోర్సెన్ భవనం అదే), దూరదేశాలకు ఓడలు పంపాడు.

ఓడలంటే ఒక్క తూర్పుకే కాదు. 1619లో యెన్స్ ముంక్ అనే నావికుణ్ణి ఉత్తర అమెరికా మంచు సముద్రాల మీదుగా ఆసియాకు దారి వెతకమని పంపాడు. రెండు ఓడలు, అరవైమందికి పైగా మనుషులు. హడ్సన్ అఖాతంలో చలికాలం గడిపేసరికి స్కర్వీ వ్యాధితో, చలితో దాదాపు అందరూ చనిపోయి, ముంక్‌తో కలిపి ముగ్గురే మిగిలారు. ఆ ముగ్గురే చిన్న ఓడను నడుపుకుంటూ 1620 సెప్టెంబరులో నార్వే చేరారు. సరిగ్గా ఆ రోజులలోనే గెడ్డె మనుషులు సింహళంనుంచి తంజావూరు తీరంవైపు చూస్తున్నారు. ఒకే రాజు, ఒకే గమ్యం, భూగోళానికి రెండు వైపులనుంచి రెండు ప్రయత్నాలు. కెరటం గారు అడిగిన “నిజంగా ముడిపడినవి” అన్న పట్టికలో నేను మేఫ్లవర్ కంటే దీనినే ముందు పెడతాను.

ఇక ప్రాగ్ సంగతి. 1620 నవంబరు 8న ప్రాగ్ పక్కనున్న తెల్లకొండ దగ్గర బొహీమియా ప్రొటెస్టెంట్ సైన్యం రెండు గంటలలోపే ఓడిపోయింది. ఏడాదికి కాస్త ఎక్కువ కాలం బొహీమియా గద్దెమీద ఉండి, “హేమంత రాజు” అని ఎగతాళి పొందిన అయిదవ ఫ్రెడరిక్ పారిపోయాడు. అతని భార్య ఎలిజబెత్ ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ కూతురు. ఆమె తల్లి ఆన్ మన నాలుగవ క్రిస్టియన్‌కు స్వయానా అక్క. మేనకోడలి కుటుంబం దిక్కులేనిదైంది. జర్మనీలో ప్రొటెస్టెంటుల పక్షాన క్రిస్టియన్ 1625లో యుద్ధంలోకి దిగడానికి రాజకీయ కారణాలు వేరే చాలా ఉన్నాయి కానీ, ఈ ఓటమితో మొదలైన పతనమే ఆయనను అక్కడికి లాగింది. 1626లో లుట్టర్ దగ్గర చిత్తుగా ఓడాడు. ఖజానా ఖాళీ అయింది. తరంగంబాడికి ఓడలు పంపే స్తోమత అప్పటినుంచే తగ్గుతూ వచ్చింది.

పంచాంగం

తేదీల విషయంలో చిన్న హెచ్చరిక. పాతపటం గారు చెప్పిన నవంబరు 8, మేఫ్లవర్ లంగరు వేసిన నవంబరు 11, తంజావూరు ఒప్పందపు నవంబరు 19 (కొన్ని పుస్తకాలలో 20) ఒకే పంచాంగం ప్రకారం చెప్పినవి కావు. కాథలిక్ రాజ్యాలు 1582 తరువాత గ్రెగరీ పంచాంగానికి మారాయి. ఇంగ్లండు, డెన్మార్క్ అప్పటికింకా పాత జూలియన్ లెక్కలోనే ఉన్నాయి. రెంటికీ తేడా పది రోజులు. అందుచేత ప్రాగ్ యుద్ధానికి, తరంగంబాడి ఒప్పందానికి మధ్య పదకొండు రోజులు కాదు, ఇరవైఒక్క రోజులు గడిచాయి. మేఫ్లవర్‌కు, ఒప్పందానికి మధ్య మాత్రం ఎనిమిది రోజులే, ఎందుకంటే ఆ రెండూ పాత లెక్కలోవే.

తంజావూరు ఆస్థానంలో ఈ లెక్కలు ఏవీ లేవు. వారికి అది శాలివాహన శకం 1542, రౌద్రి నామ సంవత్సరం. మొగలుల లెక్కలో హిజ్రీ 1030 అప్పుడే మొదలైంది. ఆ కొత్త సంవత్సరపు తొలి రోజులలోనే, పద్నాలుగు నెలల ముట్టడి తరువాత, హిమాలయ పాదాలలోని కాంగ్రా కోట జహంగీరు సేనలకు లొంగింది. జహంగీరు దృష్టిలో ఆ నెల పెద్ద వార్త అదే.

నిదానం

క్షమించాలి, నాకు ఈ రకమైన చర్చ మీద కొంత అనుమానం ఉంది. ఒక సంవత్సరాన్ని పట్టుకుని, ఆ ఏడు లోకంలో జరిగినవన్నీ పక్కపక్కన పేర్చితే చదవడానికి సరదాగా ఉంటుంది. కానీ దానివల్ల తెలిసేదేమిటి? తెల్లకొండ యుద్ధం గురించి తరంగంబాడిలో ఎవరికి తెలుసు? లిస్బన్‌నుంచి గోవాకు వచ్చే ఓడలు మార్చి, ఏప్రిల్ నెలలలో బయలుదేరి, నైరుతి గాలుల సహాయంతో సెప్టెంబరు ప్రాంతంలో చేరేవి. అంటే ప్రాగ్ వార్త సముద్రమార్గాన మన తీరానికి రావాలంటే 1621 సెప్టెంబరు దాకా ఆగాలి. కాంగ్రా కోట పడిన సంగతి కావేరి ఒడ్డున ఎవరికి కావాలి? ఆనాటి మనిషికి “ప్రపంచం” అంటే తన రేవుకు వచ్చిపోయే ఓడలు, తన పొలంమీద పన్ను వేసే రాజు. సమకాలికం అన్నది మనం ఇప్పుడు గీసిన గీత మాత్రమే.

తంజనగరం

నిదానం గారి అనుమానం సగం న్యాయమైనది. అందుకే తంజావూరునుంచి చూస్తే ఆనాటి లోకం ఎలా కనిపించేదో చెప్పడానికి ప్రయత్నిస్తాను. అది చిన్న లోకమేమీ కాదు.

1614లో విజయనగర సామ్రాట్టు వేంకటపతిరాయలు చనిపోయాడు. ఆ తరువాత వారసత్వపు పోరులో జగ్గరాయుడు కొత్త రాజు శ్రీరంగరాయలను కుటుంబంతో సహా చంపించాడు. ఆ కుటుంబంలో మిగిలిన పసివాడు రామదేవుణ్ణి వెలుగోటి యాచమనాయుడు కాపాడాడు. రఘునాథుడు యాచమనాయుని పక్షం వహించాడు. మధుర, జింజి నాయకులు జగ్గరాయుని వైపు చేరారు. 1616లో కావేరి ఒడ్డున తొప్పూరు దగ్గర జరిగిన యుద్ధంలో జగ్గరాయుడు చనిపోయాడు, రఘునాథుని పక్షం గెలిచింది. దక్షిణ దేశపు రాజకీయానికి ఇది చావుదెబ్బ అని నా అభిప్రాయం. రామదేవరాయలు గద్దె ఎక్కాడు కానీ, నాయకులను అదుపులో పెట్టే సామ్రాజ్యం మళ్ళీ తలెత్తలేదు. డేనులతో ఒప్పందం చేసుకునేటప్పుడు రఘునాథుడు ఎవరి అనుమతీ అడగనక్కరలేకపోవడానికి ఇదే కారణం.

రెండవది సముద్రం. తంజావూరు రాజ్యంలోనే ఉన్న నాగపట్టణంలో బుడతకీచులు పాతుకుపోయి ఉన్నారు. 1619లో వారు సింహళపు ఉత్తర కొసన ఉన్న యాళ్పాణ (జాఫ్నా) రాజ్యాన్ని పూర్తిగా కలుపుకుని, అక్కడి చివరి రాజు సంగిలిని గోవాకు తీసుకుపోయి చంపారు. మరుసటి ఏడే రఘునాథుడు యాళ్పాణానికి సైన్యాన్ని పంపాడు, కానీ దానిని దక్కించుకోలేకపోయాడు. అటువంటి సమయంలో బుడతకీచుల చేతిలో ఓడ పోగొట్టుకుని, వారిమీద కసితో ఉన్న కొత్త తెల్లవాడు ఒకడు ఆస్థానానికి వచ్చాడు. రాజు అతణ్ణి ఆదరించడంలో వింత ఏముంది? పులికాట్‌లో డచ్చివారు, మచిలీపట్నంలో డచ్చివారితోపాటు ఆంగ్లేయులు అప్పటికే వర్తకం చేస్తున్నారు. వచ్చే ఓడలు ఎన్ని ఎక్కువైతే రాజుకు సుంకం అంత ఎక్కువ, ఏ ఒక్కడి పెత్తనమూ అంత తక్కువ. కోపెన్‌హాగన్ దృష్టిలో అది ఒక వలస రాజ్యానికి ఆరంభం. తంజావూరు దృష్టిలో ఒక తీర గ్రామాన్ని ఏటా కట్టే కౌలుకు ఇవ్వడం.

మరొక మాట. రఘునాథుడు క్రిస్టియన్‌కు పంపిన లేఖ బంగారు రేకు మీద చెక్కినది, ఈనాటికీ డెన్మార్క్ జాతీయ దస్తావేజుల భాండాగారంలో భద్రంగా ఉంది. లేఖ భాష తమిళం, దాని కింద రాజు సంతకం తెలుగు. కావేరి డెల్టాలో ప్రజల భాష ఒకటి, రాజు కవిత్వం రాసే భాష మరొకటి కావడం ఆ కాలంలో ఎవరికీ విడ్డూరంగా తోచలేదు. చేమకూర వేంకటకవి తన కావ్యాన్ని అంకితమిచ్చిన రాజు ఈయనే. తెలుగులో రామాయణం రాసినవాడు, ఇరవైనాలుగు మెట్ల వీణకు రూపమిచ్చినవాడని పేరు పొందినవాడు.

కెరటం

సంతకం తెలుగులో ఉందన్న సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. తంజనగరం గారికి కృతజ్ఞతలు. “కౌలు” అన్న మాటతో నా ప్రశ్నే కొంచెం మారిపోయింది.

చీనాంబరం

ఇప్పటిదాకా ఎవరూ గుడ్డల మాట ఎత్తలేదు. అసలు ముడి అక్కడుంది.

ఐరోపావారికి కావలసినవి మిరియాలు, లవంగాలు, జాజికాయ. లవంగాలు, జాజికాయ పండేది ఇప్పటి ఇండోనేషియాలోని మలుకు, బందా దీవులలో. అక్కడివారు వాటికి బదులుగా ముఖ్యంగా అడిగేది చోళమండల తీరపు అద్దకపు బట్టలు. తరతరాలుగా ఆ దీవులలో పెళ్ళిళ్ళకు, కానుకలకు మన తీరపు బట్టే మర్యాద. అందుచేత సుగంధ ద్రవ్యాల వర్తకంలోకి దిగదలచిన ప్రతి కంపెనీకీ ముందుగా ఈ తీరంలో నేతగాళ్ళకు దగ్గరగా కాలూనే చోటు ఒకటి కావాలి. డచ్చివారు పులికాట్‌లో 1613 నాటికి కోట కట్టుకున్నది, డేనులు తరంగంబాడి తీసుకున్నది, తరువాత 1639లో ఆంగ్లేయులు మదరాసు తీసుకున్నది ఒకే అవసరం కొద్దీ. ఓడసరంగు గారు చెప్పినట్లు డేనులు ఇక్కడ పడడం ప్రమాదవశాత్తూ జరిగింది, కానీ పడిన చోటు మాత్రం సరైనదే.

ఆ అవసరం ఎంత క్రూరంగా ఉండేదో ఆ ఏళ్ళలోనే చూడవచ్చు. 1619 మే నెలలో డచ్చి అధికారి యాన్ పీటర్‌స్జోన్ కూన్ జావాలోని జయకర్త పట్టణాన్ని తగలబెట్టి, దాని బూడిదమీద బటేవియాకు (ఇప్పటి జకార్తా) పునాది వేశాడు. 1621లో అతడే బందా దీవుల మీద పడి, జాజికాయ మీద గుత్తాధిపత్యం కోసం అక్కడి ప్రజలలో అత్యధికులను చంపడమో, బానిసలుగా తరలించడమో, పారిపోయేటట్లు చేయడమో చేశాడు. తరంగంబాడి, బటేవియా దాదాపు తోబుట్టువులు. ఒకటి కౌలుతో పుట్టింది, మరొకటి దహనంతో. ఈ తేడాకు కారణం డేనులు మంచివారు కావడం కాదు, రఘునాథుని సైన్యం పెద్దది కావడం.

ఇక వెండి. ఐరోపా దగ్గర ఆసియా కొనదగిన సరుకు దాదాపు లేదు, వెండి తప్ప. ఆ వెండి దక్షిణ అమెరికాలో పొటోసి కొండనుంచి వచ్చేది. కొంత స్పెయిన్, లిస్బన్‌ల మీదుగా, కొంత అకాపుల్కోనుంచి మనీలాకు, అక్కడినుంచి చైనాకు. చైనాలో పన్నులు వెండిలో కట్టవలసి రావడంతో లోకంలోని వెండి అంతా అటు ప్రవహించేది. మన తీరంలో మాత్రం చెలామణి అయ్యేది వరహా, పణం, అంటే బంగారం. వెండి తెచ్చిన విదేశీయుడు ఇక్కడి షరాబు ముందు కూర్చుని మార్చుకోవలసిందే. మార్పిడి రేటు షరాబుది.

ఆ చైనా 1620లో నలభైఎనిమిదేళ్ళు ఏలిన వాన్‌లీ చక్రవర్తిని ఆగస్టులో పోగొట్టుకుంది. ఆయన కొడుకు గద్దె ఎక్కి నెల తిరగకుండానే చనిపోయాడు. అక్టోబరు మొదట్లో పద్నాలుగేళ్ళ మనుమడు చక్రవర్తి అయ్యాడు. అప్పటికి ఏడాది క్రితమే సార్హూ దగ్గర మంచూ నాయకుడు నుర్హాచి, చైనాను ఏలుతున్న మింగ్ వంశపు సేనలను ఊచకోత కోశాడు. జపాన్‌లో తోకుగావా హిదెతద షోగన్‌గా (సైనిక పాలకుడిగా) ఉన్నాడు, క్రైస్తవ మతం మీద నిషేధం బిగుస్తోంది.

నిదానం గారూ, తరంగంబాడి నేతగాడికి పొటోసి పేరు తెలియదు, నిజమే. కానీ అక్కడి గనిలో కూలి పడిపోతే ఇక్కడి బట్టకు గిరాకీ మారుతుంది. తెలియకపోవడం వేరు, సంబంధం లేకపోవడం వేరు.

నిదానం

చీనాంబరం గారి చివరి వాక్యాన్ని ఒప్పుకుంటున్నాను. అయితే ఒక షరతు. సంబంధం ఏ దారిన నడిచిందో చూపగలిగితేనే దానిని సంబంధం అనాలి. వెండికి దారి చూపారు, బట్టకు చూపారు. మేఫ్లవర్‌కు, తరంగంబాడికి అటువంటి దారి ఏది? ఆ ఓడలో వచ్చినవారిలో ముఖ్యమైన వర్గం తమ మతాన్ని తమ ఇష్టప్రకారం ఆచరించడానికి వచ్చింది. వీరు మిరియాల కోసం వచ్చారు. ఎనిమిది రోజుల తేడా కాకతాళీయం.

ఓడసరంగు

కాకతాళీయమే. పోలిక మాత్రం ఒకటి ఉంది, అది నష్టాల లెక్క. మేఫ్లవర్‌లో వచ్చినవారిలో సగంమంది మొదటి చలికాలంలోనే చనిపోయారు. గెడ్డె ఓడలలోనూ వందలమంది పోయారు, ముంక్ ఓడలలో ముగ్గురు మిగిలారు. ఆనాడు దూరసముద్ర యాత్ర అంటే సగం ప్రాణాలు పణంగా పెట్టడమే. కూరగాయలు, పళ్ళు లేక వచ్చే స్కర్వీ వ్యాధికి నిమ్మరసం మేలు చేస్తుందని కొందరు ఓడవాళ్ళకు తెలిసినా, అది అందరి అలవాటు కావడానికి ఇంకా నూటయాభై ఏళ్ళకు పైగా పట్టింది.

అమెరికా తీరపు సంఘటనలలో మన కథకు దగ్గరది 1620 కాదు, 1619. ఆ ఆగస్టులో అంగోలానుంచి బయలుదేరిన బుడతకీచు బానిస ఓడను దోచి తెచ్చిన ఇరవైమందికి పైగా ఆఫ్రికా మనుషులను వర్జీనియాలో అమ్మారు. సముద్రం మీద బుడతకీచుల ఓడలను ఇతరులు కొట్టడం, బుడతకీచులు ఇతరుల ఓడలను కొట్టడం అట్లాంటిక్‌లోనూ, కారైకాల్ దగ్గరా ఒకే పోరులో భాగం. 1580నుంచి పోర్చుగల్, స్పెయిన్ ఒకే రాజు కింద ఉన్నాయి. స్పెయిన్‌కు శత్రువైన ప్రతివాడూ బుడతకీచులకు శత్రువయ్యాడు. ఇది నిదానం గారు అడిగిన దారి అవుతుందనుకుంటాను.

గ్రహచారి

ఆకాశం వైపునుంచి రెండు మాటలు, అందులో ఒకటి మళ్ళీ నాలుగవ క్రిస్టియన్ దగ్గరికే వస్తుంది.

ఆనాటి గొప్ప ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహే డెన్మార్క్‌వాడు. యువరాజు క్రిస్టియన్ రాజయ్యాక టైకోకు ఆదరణ తగ్గింది. ఆయన 1597లో దేశం విడిచి చివరికి ప్రాగ్ చేరాడు. టైకో వదిలివెళ్ళిన కొలతలతోనే జర్మన్ ఖగోళవేత్త కెప్లర్ గ్రహాల గమన సూత్రాలు కనుగొన్నాడు, మూడవ సూత్రం 1619లో అచ్చయింది. 1620 ఆగస్టులో కెప్లర్ ముసలి తల్లిని మంత్రగత్తె అన్న నేరం మీద బంధించారు. తరంగంబాడి కోటకు పనులు మొదలవుతున్న రోజులలో ఆమె జైలులో ఉంది, కొడుకు ఆమెకోసం వాదనలు రాస్తున్నాడు. మరుసటి ఏడు విడుదలైంది. డెన్మార్క్ పోగొట్టుకున్న విద్వాంసుని కొలతలు ఇలా ప్రాగ్‌లో ఫలించాయి.

1618లో వచ్చిన తోకచుక్కలను చూసినవారు మాత్రం ఐరోపాలోనూ, మన దేశంలోనూ ఉన్నారు. జహంగీరు తన జ్ఞాపకాలలో వాటి గురించి రాసుకున్నాడు. గోవాలోని జెసూట్ పాదరీలు దూరదర్శినితో చూశారు. నిదానం గారూ, అందరూ ఒకేసారి చూసిన సంఘటన కావాలంటే ఇది.

ఓడసరంగు గారి కథకు ఒక చేర్పు: అక్షాంశం కొలవడం నావికులకు తెలుసు, రేఖాంశం తెలియదు. సముద్రం మీద తూర్పు పడమరలు అంచనాయే. ఏడాదిన్నర ప్రయాణానికి గాలులతోపాటు ఈ తెలియనితనం కూడా కొంత కారణమై ఉండవచ్చు.

చీనాంబరం

పొగాకును మరిచిపోయాము. ఇంగ్లండులో మొదటి జేమ్స్ 1604లోనే దానిని తిట్టిపోశాడు, జహంగీరు 1617లో నిషేధించాడు. జేమ్స్ దూత థామస్ రో ఆ సమయంలో జహంగీరు కొలువులోనే ఉన్నాడు. ఇద్దరు రాజులు ఏకీభవించిన విషయం ఇదొక్కటేనేమో. ఇద్దరి మాటా ఎవరూ వినలేదు.

శిలాక్షరం

చర్చ ఊరినుంచి దూరంగా పోతోంది కనుక మళ్ళీ వెనక్కు తీసుకువస్తాను. తంజనగరం గారు “ఏటా కట్టే కౌలు” అన్నారు. ఆ మాటను బలపరిచేది తరువాతి చరిత్ర. పాతపటం గారు చెప్పిన యుద్ధాల దెబ్బకు 1640లలో డెన్మార్క్‌నుంచి ఓడలు రావడం ఆగిపోయింది. దాదాపు పాతికేళ్ళు ఒక్క ఓడ రాలేదు. చివరికి అక్కడ మిగిలిన డేనులు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. అయినా ఊరు ఆగలేదు. చుట్టుపక్కల పడవలు, స్థానిక వర్తకులు, కోటలోని పనివారు దానిని నడిపారు. 1669లో మళ్ళీ ఓడ వచ్చేసరికి ఊరు ఉంది. స్థాపించినవారు లేకుండా పాతికేళ్ళు బతికిన ఊరిని స్థాపించినది ఎవరు?

పాతపటం

ఆ పాతికేళ్ళ గురించి మీరన్నది నిజం. అయినా ఊరి వీధులు, కోట, ప్రహరీ గోడ, ఆ తరువాత 1706లో వచ్చిన పాదరీల అచ్చుయంత్రం, ఇవన్నీ 1620 ఒప్పందం లేకుండా లేవు. 1845లో డెన్మార్క్ తన స్థావరాలను ఆంగ్లేయులకు పన్నెండున్నర లక్షల రూపాయలకు అమ్మినప్పుడు అమ్మకపు పత్రంలోకి ఎక్కింది కూడా ఆ పట్టణమే, సడంగన్‌పాడి కాదు. ఇద్దరమూ వేరువేరు ఊళ్ళ గురించి మాట్లాడుతున్నామేమో, అవి ఒకే ఒడ్డున ఉన్నాయి.

శిలాక్షరం

ఆ మాట ఒప్పుకోగలను. అయితే మాసిలామణి నాథర్ గుడిలో చాలా భాగాన్ని సముద్రం తినేసింది. డేనుల కోట నిలిచి ఉంది కనుక దాని తేదీయే ఊరి తేదీ అయిపోయింది.

కెరటం

అందరికీ కృతజ్ఞతలు. నేను రాస్తున్న వ్యాసానికి ఇప్పుడు ఒక దారి కనబడింది. మేఫ్లవర్‌ను మొదటి పేరాలోనుంచి తీసివేసి, ముంక్‌ను, కండి రాజును, అద్దకపు బట్టను ముందుకు తెస్తాను. ఒక్క సందేహం మిగిలింది. ఒప్పందం కుదిరిన వార్త క్రిస్టియన్‌కు ఎప్పుడు చేరింది?

ఓడసరంగు

గెడ్డె 1621 తొలి నెలలలో క్రాపెను అక్కడ అధికారిగా వదిలి బయలుదేరాడు, 1622లో కోపెన్‌హాగన్ చేరాడు. రాజు ఆయన నోటినుంచి తంజావూరు సంగతులు వినేసరికి స్పెయిన్ రాజు మూడవ ఫిలిప్ చనిపోయి ఏడాది అవుతోంది. స్పెయిన్‌కు, డచ్చివారికి మధ్య పన్నెండేళ్ళ యుద్ధవిరామం ముగిసి మళ్ళీ పోరు మొదలైంది. బందాలో జాజికాయ తోటలు డచ్చివారి చేతికి వచ్చాయి. క్రిస్టియన్ మేనకోడలు, ఆమె భర్త హేగ్‌లో పరాయి పంచన ఉన్నారు. గెడ్డెకు దారిలో వీటిలో కొన్నైనా చెవిన పడి ఉంటాయి. తంజావూరులో క్రాపెకు మాత్రం ఇంకా 1618 నాటి డెన్మార్కే తెలుసు.